దస్తర్‌ఖాన్ అంచున ఒక జాబితా

2023 వేసవిలో ఇంటర్మీడియెట్ పరీక్షలు ముగిసిన తర్వాత ఒక రాత్రి మా అబ్బాయి ఒక నోటుపుస్తకపు కాగితాన్ని తెచ్చి దస్తర్‌ఖాన్ అంచున ఉంచాడు. దాని మీద తొమ్మిది వరుసలు ఉన్నాయి. ప్రతి వరుసలో మాకు అర్థంకాని ఒక పేరు, దాని ఎదుట చక్కగా అర్థమయ్యే ఒక అంకె. అడుగున గీత గీసి వేసిన మొత్తం 1,42,000 రూపాయలు.

"అబ్బా, ఇది కంప్యూటర్. గేమింగ్‌కు. విడిభాగాలు కొని మనమే బిగించుకోవచ్చు" అన్నాడు.

అన్నం కలుపుతున్న మా చేతులు ఆగిపోయాయి.

మేము నాచారంలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. పిల్లల అబ్బాది పారిశ్రామికవాడలోని ఒక చిన్న షెడ్డులో మోటార్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు వైండింగ్ చేసే పని. అమ్మీ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆ కాగితం అడుగున ఉన్న అంకె మా ఇద్దరి ఆరు నెలల సంపాదన కంటే ఎక్కువ. 'గేమింగ్' అన్న మాట వినగానే మా మనసులో మెదిలినవి రాత్రుళ్ళు మేలుకోవడం, ఫజ్ర్ నమాజు తప్పిపోవడం, కళ్ళజోడు. ఆటల తయారీ కూడా ఇప్పుడు ఒక వృత్తేనని, మన రాష్ట్రప్రభుత్వం 2016లోనే యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 'ఇమేజ్' పేరిట ఒక విధానాన్ని ప్రకటించిందని వాడు చెప్పబోయాడు. మేము విననేలేదు. వీలు కాదన్నాము. వాడు వాదించకుండా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అరిచి ఉంటే మాకు అంత బాధ కలిగేది కాదేమో.

మరునాడు షెడ్డులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా సంచి తెరిస్తే అందులో ఆ కాగితం ఉంది. వాడే పెట్టాడు. తీరిగ్గా చదివితే తొమ్మిది వరుసల్లో ఒకటి అబ్బాకు తెలిసిన విషయమే అని తేలింది: 'ఎస్‌ఎంపీఎస్ – 750 వాట్లు'. గోడలోంచి వచ్చే 230 వోల్టుల విద్యుత్తును కంప్యూటర్‌లోని భాగాలకు కావలసిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇచ్చే పెట్టె అది. లోపల ఉండేది ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్, కొన్ని చోకులు, కెపాసిటర్లు. పాతికేళ్ళుగా అన్నం పెడుతున్న విద్య అదే. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అబ్బా మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది: "750 వాట్లు ఎందుకు? నీ వస్తువులన్నీ కలిపి ఎంత తింటాయి?"

వాడి దగ్గర జవాబు లేదు. ఎవరో వీడియోలో అలా చెప్పారట.

ఆ ప్రశ్నతో మా ఇంట్లో సంభాషణ మొదలైంది. దాదాపు మూడు వారాల పాటు ఇషా నమాజు తర్వాత ముగ్గురం కూర్చుని ఒక్కో వరుసను పరీక్షించాము. మాకు తెలియనిది వాడు చెప్పాలి. వాడు చెప్పలేనిదాన్ని కొట్టివేయాలి. ఇదీ మేము పెట్టుకున్న షరతు. చెప్పించుకుంటే గానీ వాడికి ఎంత తెలుసో మాకు తెలియలేదు, ఎంత తెలియదో వాడికీ తెలియలేదు.

జాబితాలో అన్నిటికంటే ఖరీదైనది గ్రాఫిక్స్ కార్డు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే విడుదలైన ఆర్‌టీఎక్స్ 4070. దాని ఒక్కదాని ధరే 60,000 దాటింది. ఆటలోని దృశ్యాన్ని క్షణక్షణానికీ గీసి తెరకు అందించడం దాని పని. "మరి తెర ఏది?" అని అమ్మీ అడిగింది. తెర కోసం వాడు మిగిల్చిన డబ్బుకు వచ్చేది అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు ఉండే మామూలు మానిటర్. సెకనుకు 60 సార్లు మాత్రమే దాని మీద బొమ్మ మారుతుంది. కార్డు సెకనుకు 150 బొమ్మలు గీసినా కంటికి చేరేవి 60. నాలుగు రెట్ల చుక్కలుండే 4కే తెరకు పనికొచ్చే శక్తిని ఈ తెర వెనుక పెట్టడం బిందె పట్టే చోట ట్యాంకరు తెచ్చి నిలిపినట్టే. దుబారా అంటే అవసరం లేని వస్తువును కొనడమేనని మేము అంతవరకు అనుకునేవాళ్ళం. అవసరమైన వస్తువునే, పక్కనున్న వస్తువు భరించలేనంత పెద్దదిగా కొనడం కూడా దుబారాయే. ఈ మాట వాడికి చెబుతూ ఉండగా అమ్మీ నవ్వేసింది. చిన్న గదిలో ఒక మూల మొత్తం మింగేసిన మా పెళ్ళినాటి బీరువా వైపు చూసి.

డబ్బు సంగతి. బస్తీలో పదిమందిమి కలిసి వేలంపాట, వడ్డీ లేకుండా నెలనెలా వేసుకునే చిట్టీ ఆ మే నెలలో మా వంతుకు వచ్చింది: 50,000 రూపాయలు. అందులో 17,000 పెద్దమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం ఫీజు. మిగిలేది 33,000.

అప్పుడే ఉప్పల్‌లో ఒక దుకాణం ముందు, సిద్ధంగా బిగించిన కంప్యూటర్లను 'వడ్డీలేని నెలవాయిదాల' మీద ఇస్తామన్న బోర్డు కనిపించింది. గాజు పెట్టె, లోపల ఏడు రంగుల్లో తిరిగే ఫ్యాన్లు. 58,000 రూపాయలు. మేము అడిగింది ఒకే ప్రశ్న: మొత్తం నగదుగా ఇస్తే ఎంత? 53,500 అన్నారు. దానికి తోడు వాయిదాల వారికి ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఆ తేడాకు ఏ పేరు పెట్టినా అది ఏమిటో మాకు తెలుసు. సున్నా శాతం వడ్డీ అన్నది నిజానికి ఉండదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు వంటి పేర్ల వెనుక దాచిపెడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. షరీఅతు తీర్పులు చెప్పే స్థాయి మాది కాదు. వాయిదా తప్పితే పడే జరిమానా కాగితాన్ని చదివి మేము బయటికి వచ్చేశాము.

ఇంకొక సంగతి మా అబ్బాయి గమనించాడు. ఆ పెట్టె మీద 'ఐ5 ప్రాసెసర్' అని మాత్రమే రాసి ఉంది. ఎన్నో తరానిదో రాయలేదు. 2012లో వచ్చిన మూడవ తరం చిప్ కూడా ఐ5నే, 2022లో వచ్చిన పన్నెండవ తరం చిప్ కూడా ఐ5నే. ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీదో అడిగితే "మంచిదే పెట్టాం చాచా" అన్నారు.

33,000 రూపాయలకు ఆటల కంప్యూటర్ రాదని ఆ రాత్రి వాడే ఒప్పుకున్నాడు. మేము ఊపిరి పీల్చుకున్నాము. కానీ నాలుగు రోజుల తర్వాత వాడు రెండవ కాగితం తెచ్చాడు. విడిభాగాలుగా కొనడంలోని అసలు లాభం అప్పుడు మాకు తెలిసింది: మొత్తం ఒకేసారి కొననవసరం లేదు!

మొదట వాడు కోరుకున్న ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 5 5600. ఆరు కోర్లు. అందులో బొమ్మను తెరకు పంపే భాగం ఉండదు. గ్రాఫిక్స్ కార్డు లేకుంటే తెర నల్లగానే ఉంటుంది. దాని తోబుట్టువు 5600జి. అదీ ఆరు కోర్లదే, అయితే ఒక చిన్న గ్రాఫిక్స్ భాగం దానిలోనే ఇమిడి ఉంటుంది. ఇప్పుడు దానితో నడిపి, డబ్బు కూడిన తర్వాత కార్డు తగిలించవచ్చు. ఇందులో నష్టమూ ఉంది, వాడు దాచలేదు. 5600లో 32 ఎంబీ ఉండే క్యాష్ 5600జిలో 16 ఎంబీయే. కార్డుకు వెళ్ళే దారి కూడా ఒక తరం పాతది. రేపు కార్డు పెట్టినా వేగం కొంచెం తగ్గుతుంది. "కొంచెం తగ్గితే తగ్గనీ, అప్పు లేదు కదా" అన్నాడు. పద్దెనిమిదేళ్ళ వాడి నోట ఆ మాట వింటామని మేము అనుకోలేదు.

దారి ఎలాగూ పాత తరానిదే కనుక మదర్‌బోర్డు కూడా ఖరీదైన బీ550 అవసరం లేదు, బీ450 చాలు. అక్కడ దాదాపు మూడు వేలు మిగిలాయి. ర్యామ్ 16 జీబీ. కానీ ఒకే పట్టీగా కాదు, 8 జీబీవి రెండు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత జ్ఞాపకశక్తి ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు పట్టీలు ఉంటే రెండు దారుల్లో సమాచారం నడుస్తుంది. ఒక బావికి రెండు గిలకలు వేసినట్టు అని అమ్మీ అర్థం చేసుకుంది.

మిగిలిన డబ్బులో రంగుల ఫ్యాన్లకు, వెలుగుల కీబోర్డుకు కలిపి 2,600 కేటాయించాడు. ఆ వరుస దగ్గర మేము ఆగాము. ఆ వయసులో అంత ముచ్చట ఉండకూడదా అని మాకూ అనిపించింది. సరేననబోయాము.

అప్పుడు పెద్దమ్మాయి, వంటగది గుమ్మంలో నిలబడి, ఎవరినీ చూడకుండా అడిగింది: "అందులో వర్డ్ ఫైలు తెరుచుకుంటుందా?"

ఎవరూ వెంటనే మాట్లాడలేదు. ఆమె రెండేళ్ళుగా అసైన్‌మెంట్లన్నీ పగిలిన తెర ఉన్న ఫోనులో, బొటనవేళ్ళతో టైపు చేస్తోంది. చివరి సంవత్సరం ప్రాజెక్టు నివేదిక రాయాలి. అది మాకు తెలియని విషయం కాదు. కానీ మూడు వారాలుగా ప్రతి రాత్రీ కంప్యూటర్ గురించి కూర్చుని మాట్లాడుకుంటున్న మాలో ఒక్కరికీ ఆమెను పిలవాలని తోచలేదు. వాడు అడగడం నేర్చుకున్నాడు. ఆమె అడగకుండా ఉండడం నేర్చుకుంది. రెండూ నేర్పింది మేమే. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా మాకు సిగ్గుగా ఉంది.

కాగితం తీసుకుని రంగుల ఫ్యాన్ల వరుసను కొట్టివేసింది మా అబ్బాయే. దాని బదులు సాదా కీబోర్డు, మౌసు 600. మిగిలిన 2,000 మానిటర్‌లో కలిపాడు. తర్వాత నెమ్మదిగా, "ఆపా, నువ్వు హాల్లో పడుకుంటావు కదా, ఫ్యాన్ల చప్పుడు తక్కువగా ఉండే క్యాబినెట్ చూద్దాం" అన్నాడు. కంప్యూటర్ హాల్లోనే ఉండాలన్నది మేము పెట్టాలనుకున్న నియమం. అది చెప్పే అవసరం మాకు రాలేదు.

జూన్ మొదటి శనివారం నలుగురం బయలుదేరాము. నాచారం నుంచి ఆటోలో హబ్సిగూడ, అక్కడి నుంచి మెట్రోలో ప్యారడైజ్. స్టేషను దిగి నడిస్తే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. జంటనగరాల్లో కంప్యూటర్ విడిభాగాలు అనగానే అందరూ చెప్పే పేరు అదే. అంతస్తు వెంట అంతస్తు చిన్నచిన్న దుకాణాలు, నడవాల్లో అట్టపెట్టెలు. ఒకే ప్రాసెసర్‌కు మూడు దుకాణాల్లో మూడు ధరలు. బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తామన్నవారూ ఉన్నారు. బిల్లు లేకుంటే వారంటీ అడగడానికి ఆధారం ఉండదు, పన్ను ఎగ్గొట్టడంలో మనకూ వాటా పడుతుంది. మేము బిల్లుతోనే తీసుకున్నాము.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం అబ్బా అరగంట పట్టారు. దుకాణంవారు క్యాబినెట్‌తో పాటు ఒకటి ఉచితంగా ఇస్తామన్నారు. దాని మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. చేతిలోకి తీసుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోయింది. రాగి లేని చోట బరువు ఎక్కడి నుంచి వస్తుంది? పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల గడి కింద 14 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు పద్నాలుగులు 168. కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వంటి పెద్ద భాగాలు తీసుకునేది ఈ 12 వోల్టుల నుంచే. అంటే 450 అని రాసిన ఆ పెట్టె నిజంగా పనికొచ్చేది 168 వాట్లకే. ఆ తర్వాత చూసిన 550 వాట్ల దాని మీద అదే గడిలో 45 ఆంపియర్లు ఉంది: 540 వాట్లు. 3,900 రూపాయలు. మేము ముందే లెక్క వేసుకున్నాము. ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది, రేపు కొనాలనుకున్న ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లది, తక్కినవన్నీ కలిపినా 300 దాటదు. 550 చాలు, 750 అక్కర్లేదు. పెట్టె మీద ఉండే '80 ప్లస్ బ్రాంజ్' ముద్ర విద్యుత్తు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది గానీ, లోపలి రక్షణ ఏర్పాట్ల గురించి హామీ ఇవ్వదని కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. మా బంధువుల ఇంట్లో ఇలాంటి ఉచిత ఎస్‌ఎంపీఎస్ ఒకటి కాలిపోతూ మదర్‌బోర్డునూ వెంట తీసుకుపోయింది.

మానిటర్ మాత్రం వాడినదే తీసుకున్నాము. ఒక కార్యాలయం ఖాళీ చేసిన సరుకు. అమ్మేవాడు తానే తెరను తెల్లగా వెలిగించి, "ఇక్కడ ఒక చుక్క, ఈ మూల ఇంకొకటి చచ్చిపోయాయి, చూసుకుని తీసుకోండి" అని వేలు పెట్టి చూపించాడు. మేము బేరం ఆడలేదు.

దానికి పూర్తిగా విరుద్ధమైన అనుభవం అంతకు గంట ముందే జరిగింది. ఒకచోట వాడిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి సగం ధరకు ఉందన్నారు. ఒక విద్యార్థి ఆరు నెలలు వాడాడట. మా అబ్బాయి కళ్ళు మెరిశాయి. అంతకుముందు కొన్నేళ్ళు ఇథీరియం అనే క్రిప్టో నాణెం తవ్వకానికి ఇలాంటి కార్డులను రాత్రింబవళ్ళు నడిపారు. 2022 సెప్టెంబరు 15న ఆ నాణెం తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో తవ్వకం ఆగిపోయింది. పని లేని కార్డులు ప్రపంచమంతటా పాత బజార్లకు చేరాయి. వాడు టార్చి వేసి చూశాడు. స్క్రూల తలలు అరిగి ఉన్నాయి, అంచుల్లో నూనెలాంటి తడి ఊరింది. అబ్బా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నెలల తరబడి వేడెక్కిన వార్నిష్ వాసన వైండింగ్ చేసేవారికి ఒకరు చెప్పనక్కర్లేదు. పైపైన తుడిచి, కొత్త అట్టపెట్టెలో పెట్టారు, అంతే. ధాన్యపు రాశిలో చేయి పెట్టి, పైన పొడిగా ఉన్న గింజల కింద దాగిన తడిని దైవప్రవక్త (స) బయటపెట్టిన సంఘటన మనమందరం విన్నదే. ఆ తడి ఈ బజారులో ఇలా ఊరుతుందని ఆరోజే చూశాము.

బిగించే పని మరునాడు జుహ్ర్ తర్వాత మొదలైంది. చాప తీసేసి, టేబుల్ మీద అట్ట పరిచాము. ఒంటిలోని స్థిర విద్యుత్తు భాగాలను పాడుచేయకుండా వాడు ముందుగా ఎస్‌ఎంపీఎస్ లోహపు పెట్టెను తాకాడు. ఆ ప్రాసెసర్ అడుగున వందల కొద్దీ సన్నని సూదులు ఉంటాయి. ఒక్కటి వంగినా 11,600 రూపాయలు బూడిదే. దాని మూలనున్న చిన్న త్రిభుజాన్ని, సాకెట్ మీది త్రిభుజంతో కలిపి, ఒత్తకుండా వదిలాడు. అది తనంతట తానే దిగింది. అమ్మీ బిస్మిల్లాహ్ అనడం వినిపించింది. ఫ్యాను, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, తీగలు. అస్ర్ అజాన్ వేళకు స్విచ్ వేశాము.

ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది.

ఎవరూ ఏమీ అనలేదు. వాడి ముఖం పాలిపోయింది. అంత డబ్బు, అంత చర్చ! కోప్పడాలనే నాలుక చివరి మాటను అబ్బా మింగి, "పద, నమాజు చేసి వద్దాం. యంత్రం ఎక్కడికీ పోదు" అన్నారు. తిరిగి వచ్చాక అన్నీ ఒక్కొక్కటిగా తీసి చూశాడు. ర్యామ్ పట్టీ ఒకటి ఒకవైపే దిగింది. భయంతో గట్టిగా నొక్కలేదట. పెద్దమ్మాయి పక్కన కూర్చుని "నొక్కు, విరగదులే" అంది. టక్కుమన్న చప్పుడు మా అందరికీ వినిపించింది. తెర మీద తెల్లని అక్షరాలు వచ్చాయి. అల్హమ్దులిల్లాహ్.

ఆరోజు ఖర్చు 32,900. వంద రూపాయలకు తిరుగు దారిలో నిమ్మకాయ సోడాలు తాగిన సంగతిని వాడు జాబితాలో పదవ వరుసగా రాసుకున్నాడు.

మిగిలిన ఏడు నెలలు వేగంగా గడిచాయి. ఉదయం ఆమెది, ఇషా తర్వాత గంటన్నర వాడిది. గొడవలు రాలేదని చెబితే అబద్ధం అవుతుంది. రెండుసార్లు వాడు సమయం దాటాడు, ఒకసారి ఆమె నివేదిక మధ్యలో వాడు కంప్యూటర్ ఆపేశాడు, ఆ రోజంతా ఇల్లు మూగబోయింది. సాయంత్రాలు ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్పి వాడు కూడబెట్టిన దానికి మేము కొంత కలిపాము. జనవరిలో ఆర్‌ఎక్స్ 6600 వచ్చింది, కొత్తది, బిల్లుతో. ఎస్‌ఎంపీఎస్ మార్చవలసిన పని లేదు. తీగ తగిలించి మూత వేశాడు, పది నిమిషాలు.

ఆమె ప్రాజెక్టు నివేదిక 64 పుటలు. దాన్ని ముద్రించుకుని తెచ్చిన రోజు మా ఇంటి పక్కవారి అబ్బాయి ఒక కాగితంతో వచ్చాడు. వాళ్ళకూ కంప్యూటర్ కావాలట. మా అబ్బాయి ఇంట్లో లేడు. పెద్దమ్మాయి కాగితం తీసుకుని పై నుంచి కిందికి చూసి, చివరి వరుస మీద వేలు పెట్టి అడిగింది:

"ఇది 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది?"